నాడు తలుపులు మూశారు.. నేడు రాత్రివేళ తెరవాలి

అంతరిక్ష ప్రదర్శనశాలల్లో కుటుంబాలకు చుక్కల పండుగ
ఉమ్మడి జిల్లాల ముంగిటకు తేవడం అసాధ్యమేమీ కాదు

నల్గొండ, మహబూబ్‌నగర్: అది 1980 ఫిబ్రవరి 16. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటల మధ్య మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మీదుగా చంద్రుని నీడ సాగిపోయింది. పట్టపగలే చీకటి కమ్మింది.  ఆ దృశ్యం కోసం దేశ విదేశాల శాస్త్రవేత్తలు పరికరాలతో తరలివచ్చారు. ఉమ్మడి నల్గొండ సరిహద్దుకు చేరువలో, రంగారెడ్డి జిల్లా మంచాల మండలంలో ఉన్న జపాల్-రంగాపూర్ ఖగోళ పరిశోధనశాల వారికి ప్రధాన కేంద్రమైంది. అదే సమయంలో మన ఊళ్లలో అత్యధికులు తలుపులు గడియ వేసుకుని లోపలే ఉండిపోయారు. హైదరాబాద్ వీధులు సైతం నిర్మానుష్యమయ్యాయి. జనాన్ని ఇళ్లలోనే ఉంచేందుకు దూరదర్శన్ ఆ మధ్యాహ్నం హిందీ చలనచిత్రాన్ని ప్రసారం చేసింది.

భూమిపై ఏ ఒక్క ప్రదేశానికైనా సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి మాత్రమే దక్కుతుందని ఖగోళ గణితం చెబుతోంది. అంటే ఆనాడు తలుపులు మూసుకున్నవారు తమ జీవితకాలంలో సొంత ఊరి ఆకాశంలో మళ్లీ చూడలేని దృశ్యాన్ని చేజార్చుకున్నారు. నాడు పదేళ్ల వయసున్న పిల్లలు నేడు తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు అయ్యారు. వారి మనవలు చంద్రయాన్ గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుతున్నారు. అయినా దూరదర్శినిలో ఒక్కసారైనా చంద్రుని చూసిన కుటుంబాలు మన పల్లెల్లో ఎన్ని ఉంటాయన్నది ఆలోచించవలసిన విషయం. ఈ లోటును పూడ్చేందుకు అనేక దేశాలు అనుసరిస్తున్న మార్గం ఒకటుంది. అదే అంతరిక్ష ప్రదర్శనశాలలను సందర్శన వేళలు ముగిసిన తర్వాత కుటుంబాల కోసం ప్రత్యేకంగా తెరవడం.

ఏమిటీ రాత్రి వేడుక?

సాధారణంగా ప్రదర్శనశాల అనగానే గాజు పెట్టెలు, ‘తాకరాదు’ అనే బోర్డులు, నిశ్శబ్దంగా నడిచే వరుసలు గుర్తుకు వస్తాయి. రాత్రి వేడుకలో ఈ పద్ధతి మారుతుంది. తల్లిదండ్రులు పనులు ముగించుకుని పిల్లలతో, పెద్దలతో కలిసి వస్తారు. ఒక మూల పిల్లలు కాగితపు రాకెట్లు ఎగరవేస్తుంటారు. మరో మూల శాస్త్రవేత్త ఒకరు ప్రశ్నలకు జవాబులు చెబుతుంటారు. ఆరుబయట దూరదర్శినుల వద్ద వరుసలు కడతారు. సంగీతం, పలహారాలు ఎలాగూ ఉంటాయి. చూసి వెళ్లిపోవడం కాకుండా, చేసి తెలుసుకోవడం దీని ఉద్దేశం.

జర్మనీలోని బెర్లిన్ నగరం 1997లో ప్రదర్శనశాలలను అర్ధరాత్రి దాటేవరకూ తెరిచి ఉంచే ‘సుదీర్ఘ రాత్రి’కి శ్రీకారం చుట్టింది. అది క్రమంగా ఐరోపా అంతటా వ్యాపించింది. అంతరిక్షానికే పరిమితమైన వేడుక ‘యూరీస్ నైట్’. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల ప్రయాణంలో భూమిని చుట్టివచ్చి, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మానవుడయ్యారు. సరిగ్గా 20 ఏళ్ల తర్వాత అదే తేదీన అమెరికా తొలి స్పేస్ షటిల్ కొలంబియా నింగికెగసింది. ఈ రెండు సందర్భాలనూ స్మరిస్తూ 2001 నుంచి ఏటా ఏప్రిల్‌లో వివిధ దేశాల్లోని ప్రదర్శనశాలలు, ప్లానెటేరియంలు, కళాశాలల్లో ఈ రాత్రిని జరుపుకుంటున్నారు. ఏప్రిల్ 12ను అంతర్జాతీయ మానవ అంతరిక్షయాన దినంగా ఐక్యరాజ్యసమితి 2011లో ప్రకటించింది.

లండన్ సైన్స్ మ్యూజియం మరో అడుగు ముందుకు వేసింది. చంద్రుని చుట్టి వచ్చిన అపోలో-10 నౌకను ఉంచిన ఆ భవనంలో ‘ఆస్ట్రోనైట్స్’ పేరిట పిల్లలు పెద్దల వెంట వచ్చి రాత్రంతా గడిపే ఏర్పాటు చేసింది. ప్రయోగాలు, ప్రదర్శనలు ముగిశాక వెంట తెచ్చుకున్న పడకలు పరుచుకుని అక్కడే నిద్రిస్తారు. అమెరికాలోని వర్జీనియాలో, తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన ప్రాంతానికి చేరువలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన ఉడ్వార్-హేజీ కేంద్రం ఉంది. డిస్కవరీ షటిల్ కొలువైన ఆ కేంద్రంలో అక్టోబరు వేడుకలకు పిల్లలు రకరకాల వేషాలతో హాజరవుతుంటారు. 2010 నుంచి నాసా చొరవతో ‘చంద్ర దర్శన రాత్రి’ కూడా ఏటా జరుగుతోంది.

హైదరాబాద్‌లో ఉన్నది ఏమిటి?

మన రాష్ట్రంలో ఇటువంటి వేడుకకు సహజమైన వేదిక హైదరాబాద్ నౌబత్ పహాడ్‌పై ఉన్న బి.ఎం.బిర్లా విజ్ఞాన కేంద్రం. ఇక్కడి ప్లానెటేరియంను 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు ప్రారంభించారు. ఇస్రో సహకారంతో 2019లో ఇదే ప్రాంగణంలో అంతరిక్ష ప్రదర్శనశాల ఏర్పాటైంది. రాకెట్లు, ఉపగ్రహాల నమూనాలు సందర్శకులకు భారత అంతరిక్ష ప్రస్థానాన్ని వివరిస్తాయి. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్‌పై ఎగిరిన ఆర్యభట్ట మొదలుకొని, 2023 ఆగస్టు 23న సాయంత్రం 6.04 గంటలకు చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువగా దిగిన విక్రమ్ వరకూ సాగిన ఆ ప్రయాణం అర్ధశతాబ్దపు కథ.

అయితే మన రెండు జిల్లా కేంద్రాల నుంచీ హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాఠశాలల విహారయాత్ర బస్సులు పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరి, చీకటి పడేలోగా తిరుగుముఖం పడతాయి. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వంటి దూరప్రాంతాల పిల్లలకు మరింత తొందర. ప్లానెటేరియం గుమ్మటంపై కృత్రిమ నక్షత్రాలను చూసిన విద్యార్థి, నిజమైన నక్షత్రాలు పొడిచే వేళకు బస్సులో నిద్రపోతుంటాడు. ఇక కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రులకు పగటిపూట ప్రదర్శనశాల చూడటమంటే ఒకరోజు కూలి పోగొట్టుకోవడమే. రాత్రి వేడుక ప్రధానంగా ఉపయోగపడేది ఇటువంటి కుటుంబాలకే. వారు నగరానికి వెళ్లలేనప్పుడు వేడుకనే జిల్లాకు తేవడం సరైన మార్గం.

మన నేలకు ఆకాశం కొత్త కాదు

అంతరిక్షం పట్టణాల సంగతి, చదువుకున్నవారి సంగతి అన్న అపోహ కొందరిలో ఉంది. దక్షిణ తెలంగాణ చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతోంది. పూర్వపు మహబూబ్‌నగర్, నేటి నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్‌లో బృహత్ శిలాయుగపు నిలువురాళ్లు ఉన్నాయి. మూడు వేల ఏళ్లకు పైబడిన ఈ రాళ్ల వరుసలు కొన్ని సూర్యోదయ, సూర్యాస్తమయ దిశలకు అనుగుణంగా ఉన్నట్లు హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. ఒక రాతిపై చెక్కిన చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయి. ఈ స్థలం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు సంపాదించుకుంది. కృష్ణాతీరంలో పశువులు మేపుకొన్న మన పూర్వికులు రాత్రి ఆకాశాన్ని చూసి భయపడి ఊరుకోలేదు. చూసినదానిని రాతిపై గుర్తుంచుకున్నారు.

నల్గొండ పక్కనే పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం వెలుగునీడల పాఠశాల వంటిది. గర్భగుడిలో లింగం వెనుక గోడపై పగలంతా నిలిచి ఉండే నీడ ఏ ఒక్క స్తంభానిదో కాదు. ఎదుటి స్తంభాల నడుమ చెదిరి లోపలికి చేరే కాంతి దానికి కారణం. గ్రహణమన్నదీ నీడ కథే. చంద్రుని నీడ మనపై పడితే సూర్యగ్రహణం, మన నీడ చంద్రునిపై పడితే చంద్రగ్రహణం.

పల్లెల్లో పెద్దలు నేటికీ కృత్తికలను ‘పిల్లలకోడి’ అని పిలుస్తారు. తెల్లవారుజామున కనిపించే శుక్రుణ్ని ‘వేగుచుక్క’గా గుర్తించి పొలం పనులకు బయల్దేరిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతి, సప్తర్షి మండలంలోని వశిష్ఠ నక్షత్రం పక్కనే మినుకుమనే చిన్న చుక్క. ఈ పేర్లు తెలిసిన తాతకు, దూరదర్శిని తిప్పడం తెలిసిన మనవడికి ఒకే వేదిక కల్పించినప్పుడు ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే అవుతారు.

పాలమూరుతో అనుబంధం ఉన్న వ్యోమగామి సైతం ఉన్నారు. నాసా వ్యోమగామి రాజాచారి తండ్రి వైపు మూలాలు మహబూబ్‌నగర్‌లో ఉన్నాయి. 2021 నవంబరులో ఆయన క్రూ-3 నౌకకు కమాండర్‌గా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, సుమారు ఆరు నెలలు గడిపి 2022 మే నెలలో తిరిగివచ్చారు. ఆ కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున ప్రతి గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది. అనుకూలమైన రోజుల్లో సాయంత్రం గానీ, వేకువన గానీ ప్రకాశవంతమైన చుక్కలా కదులుతూ మన ఊళ్ల మీదుగానూ సాగిపోతుంది. చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆ సమయానికి ఆరుబయట ఉండటమే కావాలి.

రంగాపూర్ నేర్పే పాఠం

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ పరిశోధనశాలలో 1968లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొంది. నగరంలో పెరుగుతున్న విద్యుత్ వెలుగులు నిజామియా పరిశోధనశాల పనికి ఆటంకమవుతుండటంతో చీకటి ఆకాశం కోసం ఈ గుట్టను ఎంచుకున్నారు. 1980 గ్రహణం నాటికి దేశంలోని పెద్ద దూరదర్శినుల్లో ఇదొకటి. కాలక్రమేణా ఆధునికీకరణ కొరవడి పరిశోధనలు ఆగిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు గుమ్మటాన్ని దూరం నుంచి చూస్తూ పెరిగారే గానీ, దానిలోంచి ఆకాశాన్ని చూసే అవకాశం వారిలో ఎక్కువమందికి దక్కలేదు. జనంతో సంబంధం లేని శాస్త్ర కేంద్రం మూలనపడినప్పుడు దానికోసం అడిగే గొంతు కూడా వినపడదు. కుటుంబాలను రాత్రివేళ ఆహ్వానించడం వినోదం కోసమే కాదు. ఇటువంటి కట్టడాలు తమవేనన్న భావన ప్రజల్లో కలిగించడానికి కూడా.

జిల్లాలో జరపాలంటే..

పెద్ద భవనం, భారీ వ్యయం లేకుండానే ఈ వేడుకను నిర్వహించవచ్చు. ఉన్నత పాఠశాల మైదానం చాలు. ఐక్యరాజ్యసమితి 1999లో ప్రకటించిన ప్రపంచ అంతరిక్ష వారోత్సవం ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు జరుగుతుంది. ఆ సందర్భంగా శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ప్రదర్శనలు ఏర్పాటు చేస్తూ వస్తోంది. ‘స్పేస్ ఆన్ వీల్స్’ పేరిట ఇస్రో నమూనాలతో కూడిన బస్సులూ పాఠశాలలకు వెళ్లాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలకు ఆకాశ దర్శన కార్యక్రమాలు నడిపిన అనుభవం ఉంది. పగటిపూట జరిగే ఈ ప్రదర్శనలను రాత్రి తొమ్మిదిన్నర వరకూ పొడిగించి, కుటుంబాలను ఆహ్వానిస్తే సగం పని పూర్తయినట్లే. మిగిలిన సగానికి ఈ కింది అంశాలు గమనించాలి.

• తిథి చూసుకోవాలి: పౌర్ణమి రోజున చంద్రుడు అందంగా కనిపించినా దూరదర్శినికి అనువుకాడు. ఎదురుగా పడే వెలుగులో లోయలు, గుంతలు తేలిపోతాయి. శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగు చీకట్లు కలిసే అంచున గుంతల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి.

• కాలం చూసుకోవాలి: ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. కానీ అప్పటికి వానాకాలం ముగియదు. ఆ రోజు ఉపన్యాసాలు, నమూనాల ప్రదర్శన చాలు. ఆకాశ దర్శనానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నిర్మలమైన రాత్రులు అనుకూలం.

• వరుసలు లెక్కించాలి: ఒక్కొక్కరికి అర నిమిషం చొప్పున ఒక దూరదర్శినిలో గంటకు 120 మంది మాత్రమే చూడగలరు. 400 మంది వస్తే ఒకే పరికరంతో మూడు గంటలు దాటుతుంది. పిల్లలు విసిగిపోతారు. కనీసం మూడు నాలుగు దూరదర్శినులు, వేచి ఉండేవారికి ఇతర ఆటలు ఉండాలి.

• చీకటి కాపాడాలి: కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క సెల్‌ఫోన్ లైటు ఆ శ్రమను వృథా చేస్తుంది. టార్చిలైట్లకు ఎర్రని జిలుగు కాగితం చుట్టాలి. మైదానం దీపాలు ఆర్పినా, దారిలో, మరుగుదొడ్ల వద్ద తగినంత వెలుతురు తప్పనిసరి.

• అందరికీ చోటుండాలి: వృద్ధులకు కుర్చీలు, తాగునీరు, ప్రథమ చికిత్స ఉండాలి. చివరి బస్సు వేళలను ఆర్టీసీతో ముందుగానే మాట్లాడుకోవాలి. ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడకుండా ఉండాలంటే కుటుంబమంతా కలిసి రావాలన్న నియమమే మంచిది.

రూపాయి ఖర్చులేని ఆటలు

ఫుట్‌బాల్‌ను భూమి అనుకుంటే టెన్నిస్ బంతి చంద్రుడు. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉండాలని అడిగితే చాలామంది మూరెడు చూపిస్తారు. నిజానికి ఆరున్నర మీటర్లు ఉండాలి. అదే కొలతలో అంతరిక్ష కేంద్రం ఫుట్‌బాల్ పైన సెంటీమీటరు ఎత్తు కూడా ఉండదు. ఒక పిల్లవాడు బంతి పట్టుకుని మైదానంలో అడుగులు వేసి చూపిస్తే చంద్రయాన్ ఎంత దూరం వెళ్లిందో ఊరంతటికీ అర్థమవుతుంది.

భూమిపై 60 కిలోలు చూపించే తూకం చంద్రునిపై 10 కిలోలే చూపిస్తుంది. బియ్యం తూచే కాటా పక్కన ఈ లెక్క రాసిన అట్ట పెడితే పెద్దలు సైతం వరుస కడతారు. ఖాళీ నీళ్ల సీసాలో కొంత నీరు పోసి, సైకిల్ పంపుతో గాలి కొడితే రాకెట్ పైకి లేస్తుంది. చర్యకు ప్రతిచర్య అనే సూత్రం కళ్లముందు కనిపిస్తుంది. దీనిని ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, జనానికి దూరంగా నిర్వహించాలి. గురుగ్రహం కనిపించే కాలమైతే 1610లో గెలీలియో చూసిన నాలుగు ఉపగ్రహాలనూ చిన్న దూరదర్శినిలోనే చూడవచ్చు.

భయానికి జవాబు ఎగతాళి కాదు

గ్రహణాన్ని చూసి భయపడిన పెద్దలను తప్పుపట్టడం భావ్యం కాదు. వారి జాగ్రత్తలో కొంత నిజముంది. సూర్యుని నేరుగా చూస్తే కంటి లోపలి పొర శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు రక్షణ కావు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం గల గ్రహణ కళ్లద్దాలు వాడాలి. లేదా అట్టకు సన్నని రంధ్రం చేసి, దాని గుండా నేలపై పడే సూర్యబింబాన్ని చూడాలి. చంద్రగ్రహణానికి మాత్రం ఏ రక్షణా అవసరం లేదు. 2027 ఆగస్టు 2 నాటి సూర్యగ్రహణం మన దేశంలోని పలు ప్రాంతాల్లో పాక్షికంగా కనిపించేది. వానాకాలపు మబ్బులు దయతలచాలే గానీ, నేర్చుకున్నదానిని ఆచరణలో పెట్టడానికి అటువంటి రోజులే పరీక్ష. ఆ పరీక్షకు ముందు ఒక్క రాత్రైనా ఆకాశం కింద కుటుంబమంతా నిలబడి ఉంటే భయం దానంతట అదే సన్నగిల్లుతుంది.

రాత్రిపూట ఇంటిల్లిపాదీ మైదానానికి రావడం మనకు కొత్త అలవాటేమీ కాదు. బతుకమ్మ వేళ చిన్నా పెద్దా చీకటి పడ్డాక కూడా చెరువు కట్టపైనే గడుపుతారు. సద్దుల బతుకమ్మ నాడు నెత్తిన నిలిచే అర్ధచంద్రుడే దూరదర్శినికి అత్యంత అనువైన చంద్రుడు. సద్దులు పంచుకున్న తర్వాత పిల్లల చేతికి ఒక దూరదర్శిని అందిస్తే ఆ పండుగకు లోటేమీ రాదు, ఆ చూపుకు కొత్త అర్థం వస్తుంది.

1980లో ప్రపంచం మన గడపకు వచ్చి ఆకాశాన్ని చూసింది. మనం తలుపు వేసుకున్నాం. నాటి పదేళ్ల పిల్లలు నేడు మనవల చేయిపట్టుకుని వరుసలో నిలబడి, కంటికి దూరదర్శిని ఆనించి చంద్రుని చూడగలిగితే ఆ బాకీ కొంతైనా తీరుతుంది. జిల్లా యంత్రాంగం, విద్యాశాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఏడాదికి ఒక్క రాత్రి కేటాయించినా చాలు. ఆ దిశగా తొలి అడుగు వేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.